కొక్కెం ఎవరి కోసం?



ముప్పైయేళ్ళకు పైగా పిల్లలకు సంధులు, సమాసాలు, ఛందస్సు చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి. అటువంటివాడు ఇనుప కొక్కేల గురించి, బోల్టుల గురించి టపా వ్రాయడమేమిటని మీరు అనుకోవచ్చు. నాకూ కొంత సంకోచంగానే ఉన్నది. కాని గడచిన వానాకాలంలో నా కళ్ళ ముందే ఒక ఇనుప ముక్క గాలిలో ఎగిరి ఒక మనిషి తలకు జానెడు దూరంలో దూసుకుపోయింది. ఆ దృశ్యం చూసిన తర్వాత ఊరకుండలేక ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

మాది ములుగు. మేడారం జాతర అనగానే గుర్తుకు వచ్చే ములుగు కాదు. సిద్దిపేట జిల్లాలో రాజీవ్ రహదారి మీద ఉన్న ములుగు. 2016 అక్టోబరులో జిల్లాల పునర్విభజన జరిగే వరకు మేము మెదక్ జిల్లా వాళ్ళం. ఉద్యాన విశ్వవిద్యాలయం, అటవీ కళాశాల ఇక్కడే ఉన్నాయి. 2020 మే నెలలో మర్కూక్ దగ్గర కొండపోచమ్మ సాగర్ ప్రారంభమైన నాటి నుండి సెలవు దినాలలో నగరం బండ్ల రాక బాగా పెరిగింది. వాటిలో ఎత్తైన చక్రాలతో, ముందూ వెనుకా ఎర్రరంగు పూసిన కొక్కేలతో మిడిసిపడుతూ వచ్చేవి కొన్ని ఉంటాయి. వాటిని ఆఫ్‌రోడ్ బండ్లంటారు. దారి లేనిచోట కూడా నడిచేవని అర్థం.

మా మేనల్లుడు నగరంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. వాడూ అటువంటి బండి ఒకటి కొన్నాడు. కొన్న నెలలోపే నగరంలోని ఒక దుకాణానికి పోయి దాని బంపరుకు రెండు ఎర్ర కొక్కేలు బిగించుకొని వచ్చాడు.

"ఇవేమిట్రా, పోతురాజు మెడలో దండల్లాగా?" అని అడిగాను.

"రికవరీ పాయింట్లు మామయ్యా. వీటికి వ్రేలాడేవి షాకిళ్ళు. బండి ఎక్కడైనా దిగబడితే వీటికి పట్టీ తగిలించి లాగుతారు" అన్నాడు గర్వంగా.

ఆ మధ్యాహ్నమే పొలం చూసి వద్దామని బయలుదేరాం. ముందురోజు పెద్ద వాన పడింది. గట్టు దిగి, కరిగెట చేసిన మడి ప్రక్కగా పోనిస్తుండగా బండి ఎడమ వైపుకు ఒరిగి, చక్రాలు సగానికి పైగా బురదలో కూరుకుపోయాయి. ఎంత తొక్కితే అంత లోతుకు దిగింది. దగ్గరలో ట్రాక్టరుతో దున్నుతున్న యువకుడు నా పాత శిష్యుడు. పిలవకముందే వచ్చాడు. "మీరు దూరం జరుగుండ్రి సార్, నేను గుంజుత" అన్నాడు. తన గొలుసు తీయబోతుంటే మేనల్లుడు ఆపి, తాను కొన్న సాగే నైలాను పట్టీని ఇచ్చాడు. దానిని ఒక కొన ట్రాక్టరు హుక్కుకు, మరొక కొన ఎర్ర కొక్కేనికి తగిలించారు.

మొదటి లాగుడుకు బండి కదలలేదు. రెండవసారి కొంచెం వెనుకకు వచ్చి ఊపుతో లాగాడు. ఢామ్మని శబ్దమైంది. బంపరు రేకు చీలి, కొక్కెం, దాని షాకిల్, రెండు బోల్టులు కలిసి పట్టీతో పాటు ఎగిరిపోయాయి. శిష్యుని చెవి ప్రక్కనుండి దూసుకుపోయి ట్రాక్టరు మడ్‌గార్డుకు తగిలి దానిని లోపలికి నొక్కేశాయి. అందరం నిశ్చేష్టులమయ్యాం. అతడు దిగివచ్చి, "ఏం గాలేదు సార్, పరేషాన్ గాకుండ్రి" అని నన్నే ఓదార్చాడు. కాని బీడీ ముట్టించబోతే అగ్గిపుల్ల చేతిలో నిలువలేదు. అతనికి ఇద్దరు చిన్నపిల్లలు.

తర్వాత ఏం చేశాడో చెప్పాలి. పార తెప్పించి చక్రాల ముందున్న బురదను తీయించాడు. గుంతలలో రాళ్ళు వేయించాడు. తానే బురదలో వెల్లకిల పడుకొని బండి క్రిందికి దూరి, తయారుచేసినవారు ఛాసీకి బిగించి ఇచ్చిన అసలు కొక్కేన్ని వెదికి పట్టుకున్నాడు. దానికి గొలుసు తగిలించి, ఊపు లేకుండా మెల్లగా లాగాడు. బండి బయటికి వచ్చింది. అంటే కావలసిన కొక్కెం మొదటి నుండీ బండికి ఉన్నది. అది కనబడదు, దానికి ఎర్రరంగు లేదు. కనబడేదానిని నమ్మి, ఉన్నదానిని మరచిపోయాం.

ఊడిన ముక్కను ఇంటికి తెచ్చి పరిశీలించాను. కొక్కెం దళసరిగానే ఉన్నది. కాని దానిని బిగించినది పలుచని బంపరు రేకుకు. బోల్టుల తలల మీద అంకెలు లేవు. షాకిల్ మీద ఇంత బరువు మోస్తుందనే గుర్తు లేదు. అది అలంకారం. కావ్యంలో అలంకారం లేకపోయినా రసం ఉంటే నిలుస్తుంది. రసం లేని అలంకారం పిల్లల్ని పరీక్షలో కూడా గట్టెక్కించదు. ఇక బురదలో ఎక్కడ గట్టెక్కిస్తుంది?

పండితుణ్ణి కనుక మాట దగ్గర కాసేపు ఆగుతాను, మన్నించండి. ఇంగ్లీషులో షాకిల్ అంటే మొదట ఖైదీల కాళ్ళకు వేసే బేడీ. మన సంకెల కూడా అంతే. సంస్కృత శృంఖల ప్రాకృతం మీదుగా సంకెల అయింది. బంధించడానికి పుట్టిన మాట, బంధం నుండి విడిపించే వస్తువుకు పేరైంది. ఇక రికవరీ పాయింటుకు మన మాట ఏది? ఉద్ధరణ అనే సంస్కృత పదానికి పైకి లాగడమనే అసలు అర్థం. కాబట్టి ‘ఉద్ధరణ స్థానం’ అనవచ్చు. రైతుకు అది బరువు. ‘లాగుడుపట్టు’ అంటే ఎలా ఉంటుంది? ఈ వ్యాసంలో ఆ మాటే వాడుతున్నాను.

పేరు క్రొత్తదైనా విషయం పాతదే. మా చిన్నతనంలో ఈ ప్రాంతమంతా మోటబావులుండేవి. ఎడ్లు ఏటవాలు దారిలో దిగుతూ మోటను పైకి లాగుతుంటే, తోలేవాడు మోకు మీద కూర్చునేవాడు. మోకు తెగితే పడేది అతడే. అందుకే మా తాత ప్రతి తెల్లవారుజామున మోకును ఈ కొన నుండి ఆ కొన దాకా వ్రేళ్ళతో తడిమి చూసేవాడు. పురి ఎక్కడ వదులైనా ఆ రోజు మోట కట్టేవాడు కాదు. ఎడ్లబండి దిగబడితే మరో జత ఎడ్లను కట్టి త్రాడును నొగలకే కట్టేవారు గాని, ప్రక్క పలకలకు కట్టేవారు కాదు. బండి బలమంతా ఎక్కడ ఉన్నదో అక్కడే పట్టు పట్టాలని చదువురాని వారికి కూడా తెలుసు. నేటి బండికి నొగల వంటిది ఛాసీ. పలకల వంటిది బంపరు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. లాగుడుపట్టు ఛాసీకే ఉండాలన్నది ఎందుకు అంత ముఖ్యం?

బురద ఎంత బలంగా పట్టుకుంటుందో సైన్యాలు ఏనాడో లెక్క కట్టాయి. అమెరికా సైన్యం పాటించే స్థూలమైన సూత్రం ఇది. చక్రాల మట్టానికి కూరుకుపోయిన బండిని లాగడానికి దాని బరువంత బలం కావాలి. మడ్‌గార్డుల దాకా దిగితే బరువుకు రెండింతలు, క్యాబిన్ దాకా దిగితే మూడింతలు కావాలి. రెండు టన్నుల బండి అనుకుంటే 2, 4, 6 టన్నులన్నమాట. ఇది మెల్లగా లాగితే. ఊపుతో లాగితే క్షణకాలం ఇంకా ఎక్కువ బలం పడుతుంది.

బోల్టు సంగతి చూడండి. మంచి బోల్టు తల మీద 8.8 అనో 10.9 అనో అచ్చు ఉంటుంది. 8.8 రకంలో 16 మి.మీ. బోల్టును నిలువునా లాగితే తెగడానికి సుమారు 12 టన్నులు కావాలి. బజారులో దొరికే మెత్తని ఇనుము బోల్టు అందులో సగానికే తెగుతుంది. అడ్డంగా కోత పడితే ఈ అంకెలు ఇంకా తగ్గుతాయి. అయినా మా బండి విషయంలో తెగినది బోల్టు కాదు, దానిని పట్టుకున్న రేకు. గొలుసులో అన్నిటికంటె బలహీనమైన కడియమెంతో గొలుసు బలం అంతే. కొక్కెం, షాకిల్, పట్టీ, బోల్టు, ఛాసీ - ఈ వరుసలో ఒక్కటి తప్పినా మిగిలినవన్నీ గట్టివైనందువల్ల ప్రయోజనం లేదు. నిజానికి మిగిలినవి గట్టివైనకొద్దీ ఊడిన ముక్క మరింత వేగంగా పోతుంది.

ఆ ముక్క ఎటు పోతుంది? ఇదే ఈ వ్యాసానికి ప్రాణం. సాగిన పట్టీ ఉండేలు వంటిది, మా పిల్లల మాటలో గులేరు. ఏ కొన ఊడితే ఆ కొన రెండవ కొన వైపుకు ఎగురుతుంది. అంటే నా బండి కొక్కెం ఊడితే అది నా మీదికి రాదు. నన్ను లాగుతున్నవాని మీదికి పోతుంది. కొక్కెం కొన్నది నేను. చవకగా వస్తుందని సంబరపడ్డది నేను. దెబ్బ మాత్రం సాయానికి వచ్చినవానికి. ఆస్ట్రేలియాలో ట్రెయిలరు తగిలించే గుండ్రని ఇనుప గుండుకు పట్టీ వేసి లాగగా, ఆ గుండు విరిగి ఎగిరి మనుషుల ప్రాణాలు తీసిన సంఘటనలు ఒకటి కంటె ఎక్కువే జరిగాయి. ట్రెయిలరును మెల్లగా ఈడ్చడానికి చేసినది బురద కుదుపుకు నిలువదని తెలిసేసరికి ఆలస్యమైంది. కార్ల బంపరులో మరలాగా త్రిప్పి బిగించే చిన్న కడియం కూడా అంతే. చెడిపోయిన కారును చదునైన రోడ్డు మీద ఈడ్వడానికి అది, బురదలో నుండి పెరకడానికి కాదు.

భారతంలో కర్ణుని రథచక్రం భూమిలో క్రుంగినప్పుడు అతడు రథం దిగి తన చేతులతోనే దానిని పైకెత్తడానికి పూనుకున్నాడు. తన చక్రం, తన చేతులు, తన ప్రాణం. నేటి మన చక్రం దిగబడితే మనం స్టీరింగు వెనుక కూర్చుంటాం, పొరుగువాడు ముందు నిలబడతాడు. కాబట్టి లాగుడుపట్టు బండి యజమాని సౌకర్యం కాదు, సాయపడేవాని పట్ల అతనికున్న బాధ్యత. ఇదే నా అభిప్రాయం. దీనికోసమే ఇంత వ్రాస్తున్నాను.

ఇక చేయదగిన పనులు. నేను మెకానిక్కును కాను. మా శిష్యులలో ఇద్దరు ఆ పనిలోనే ఉన్నారు. వారి వద్ద విని, చదివి తెలుసుకున్నవి ఇవి.

మొదట బండితో వచ్చిన పుస్తకం తెరచి తయారీదారు ఇచ్చిన లాగుడుపట్లు ఎక్కడున్నాయో, అవి దేనికి పనికివస్తాయో చూడాలి. అవి చాలకపోతే క్రొత్తవి ఛాసీలో ముందే ఉన్న రంధ్రాలకు, ఆ బండికని తయారుచేసినవాటినే, అంకె అచ్చు ఉన్న బోల్టులతో బిగించాలి. ఛాసీని కోయరాదు, దానికి వెల్డింగు పెట్టరాదు. వేడికి గట్టి ఉక్కు గుణం మారి ఆ చోటే బలహీనపడుతుంది. రెండు పట్లు ఉంటే రెంటికీ కలిపి పగ్గంలాగా ఒక పట్టీ వేసి మధ్యనుండి లాగితే బరువు పంచుకుంటాయి.

షాకిల్ మీద అది మోయదగిన బరువు అచ్చు వేసి ఉండాలి. 4.75 టన్నులని ఉన్నదంటే అంత బరువు నిత్యం మోయవచ్చునని అర్థం; మంచి సంస్థలవి అంతకు ఐదారు రెట్ల దగ్గర గాని తెగవు. అచ్చు లేని షాకిల్ పేరు లేని మందు సీసా వంటిది. లాగుడు దాని విల్లు మధ్యకు, నిటారుగా పడాలి. 45 డిగ్రీలు ప్రక్కకు లాగితే దాని సామర్థ్యం సుమారు 70 శాతానికి, పూర్తిగా అడ్డంగా లాగితే సగానికి పడిపోతుంది. చీలను చేతితో పూర్తిగా బిగించాలి. బరువు పడ్డాక చీల బిగుసుకుపోతుందని కొందరు పావు చుట్టు వెనుకకు త్రిప్పుతారు; క్రేన్ల పనివారు దానికి ఒప్పుకోరు. ఈ మధ్య ఉక్కుకు బదులు గట్టి కృత్రిమ నారతో అల్లిన మెత్తని షాకిళ్ళు వస్తున్నాయి. అవి తేలిక, ఊడినా ఉక్కు ముక్క అంత ప్రమాదం కాదు. కాని పదునైన అంచు తగిలితే తెగుతాయి. రెండు పట్టీలను మధ్యలో ఉక్కు షాకిల్‌తో ఎన్నడూ కలుపరాదు. అది గులేరులో రాయి పెట్టినట్టే.

లాగేముందు పార పట్టడం అవమానం కాదు. పది నిమిషాలు మట్టి తీసి, టైర్లలో గాలి కొంత తగ్గించి, రాళ్ళో కంపో వేస్తే కావలసిన బలం చాలా తగ్గుతుంది. పట్టీ మీద తడి గోనెసంచి వేస్తే తెగినప్పుడు వేగం కొంత తగ్గుతుంది. పట్టీ పొడవుకు ఒకటిన్నర రెట్ల దూరంలోనైనా జనం నిలబడాలి. మన ఊళ్ళలో బండి దిగబడితే చుట్టూ పిల్లలు మూగుతారు. ముందు వారిని పంపివేయాలి.

ట్రాక్టరు నడిపే తమ్ముళ్ళకు ఒక మాట. త్రాడును ఎప్పుడూ క్రింది హుక్కుకే తగిలించండి. వెనుక ఇరుసు కంటె ఎత్తున, టాప్ లింకుకో మరో పైకమ్మీకో కట్టి లాగితే ముందు చక్రాలు గాలిలోకి లేచి ట్రాక్టరు వెనుకకు తిరగబడుతుంది. తిరగబడటం మొదలైనదని గ్రహించి క్లచ్చి తొక్కేలోపే అంతా అయిపోతుంది. ట్రాక్టరే దిగబడినప్పుడు వెనుక చక్రాలకు మొద్దు కట్టి ఎక్కించడం మనవైపు అలవాటు. ఆ మొద్దు అడ్డుపడి చక్రం తిరగలేకపోతే ఇంజను బలమంతా ట్రాక్టరునే పైకి త్రిప్పుతుంది. ట్రాక్టర్లు మన ఉమ్మడి మెదక్ జిల్లాలోని జహీరాబాదులోనే తయారవుతున్నాయి. ఈ రెండు వాక్యాలు మాత్రం ఎన్ని ఊళ్ళకు చేరాయి?

చట్టం ఏమంటుందని కొందరు అడుగుతారు. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షను తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని నియంత్రిస్తుంది. 2017 డిసెంబరులో కేంద్ర రవాణా శాఖ బండి ముందు బిగించే బుల్‌బార్లు ఆ సెక్షనుకు విరుద్ధమని రాష్ట్రాలకు వ్రాసింది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ సెక్షనును గట్టిగానే వ్యాఖ్యానించింది. ఇక్కడ ఒక విచిత్రం గమనించాను. ఎర్ర కొక్కేలలో చాలావరకు అటువంటి బార్లకే వ్రేలాడుతుంటాయి. అంటే నిలువని చోటే వాటిని బిగించి ఇస్తున్నారు. శోభకోసం పెట్టినది శోభకోసమేనని చెప్పి అమ్మితే నాకు అభ్యంతరం లేదు. దానికి లాగుడుపట్టు అని పేరు పెట్టి అమ్మడం మాత్రం అబద్ధం. ఇటువంటి అబద్ధం మొదటి వానకే బయటపడుతుంది.

"ఇన్నేళ్ళు ఏది దొరికితే దానికి కట్టి గుంజినం, ఏమైంది?" అనేవారు మా ఊళ్ళో ఉన్నారు. వారి అనుభవాన్ని గౌరవిస్తాను. కాని నాడు లాగినవి ఎడ్లు. పట్టు తప్పితే అవి ఆగిపోయేవి. నేటి ట్రాక్టరు ఆగదు, సాగే పట్టీ క్షమించదు. "ఎప్పుడో ఒకసారి దిగబడితే ఇంత ఖర్చా?" అనేవారికి నా జవాబు ఒక్కటే. ఆ ఒకసారి మీకోసం వచ్చేవాడెవరో మీకు ఇప్పుడే తెలియదు. నాకు మాత్రం తెలిసివచ్చింది. నేను ఏడవ తరగతిలో పద్యం అప్పజెప్పించుకున్న పిల్లవాడు.

మేనల్లుడు మరునాడే రెండవ కొక్కేన్ని కూడా విప్పించి పాత ఇనుము బండివానికి వేశాడు. మడ్‌గార్డు బాగు చేయిస్తానంటే శిష్యుడు ఒప్పుకోలేదు. "ఉండనియ్యి అన్నా, సూసినప్పుడల్ల యాదికుంటది" అన్నాడు. ఆ సొట్ట అలాగే ఉన్నది. దారిలో కనబడినప్పుడు అతడు ట్రాక్టరు మీద నుండే నమస్కారం పెడతాడు. నా కళ్ళు మాత్రం ముందు ఆ సొట్ట మీదికి పోతాయి.

మిత్రులారా, మీ ప్రాంతంలో షాకిల్‌ను, దాని చీలను, దిగబడిన బండిని లాగే పనిని ఏ మాటలతో పిలుస్తారో వ్యాఖ్యలలో తెలుపగలరు. లాగుడుపట్టు అనే మాట నచ్చకపోతే మంచిది సూచించండి, సంతోషంగా స్వీకరిస్తాను. మీ ఇంట్లో ఎర్ర కొక్కేల బండి ఉంటే, వ్యాఖ్య వ్రాసే ముందు ఒకసారి వంగి దాని క్రింద చూసి రండి.

స్వస్తి.